పెరట్లోకి వచ్చిన పట్టాలు

చింతామణిలో ఆదిశేష ఇంట్లో పొద్దున్నే భార్య అంబుజాక్షి పొయ్యి రాజేసేది. ఆదిశేష సంధ్య వార్చుకుని, హైస్కూల్లో పాఠానికి పోయేలోపల కాసేపు చెల్లెలు వరమహాలక్ష్మి దగ్గర కూర్చునేవాడు. ఆమె ఒళ్ళో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ, ముందు పరిచి ఉన్న ఫ్రెంచి పుస్తకంలోంచి ఒక మాట చదివి, దాని భావం తెలుగులో చెప్పేది. అన్న దానికి తగిన ఇంగ్లీషు వెతికేవాడు.

ఆ పుస్తకం పారిస్ పట్నంలో నేల కింద నడిచే రైళ్ళ గురించి. ఆదిశేషతో చదువుకున్న గంగాధరప్ప బెంగళూరులో ఇంజనీరు. ఎప్పటికైనా బెంగళూరు నేల కింద కూడా రైలు నడిపించాలని ఆయన ఆశ. పై అధికారులు నవ్వినా ఆయన మానుకోలేదు. అక్కడి పట్టాలు ఎన్ని రకాలు, ఏ రకం దేనికి అన్నది ఇంగ్లీషులో కావాలని పుస్తకం తెచ్చి ఇచ్చిపోయినాడు.

వరమహాలక్ష్మికి ఫ్రెంచి వచ్చింది పాండిచ్చేరిలో. తండ్రి అక్కడ సంస్కృతం చెప్పేవాడు. ఈమెను క్రైస్తవ కన్యకల మఠం బడికి పంపినాడు. పెళ్ళయిన రెండో ఏడే భర్త పోయినాడు, తరువాత తండ్రీ పోయినాడు. అన్న పోయి చింతామణికి పిలుచుకొచ్చినాడు. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఒక మాట అనలేదు. వేడన్నంలో మొదటి గరిటె నెయ్యి ఆమె విస్తరిలోనే పడేది. పండక్కి ఆమె వద్దన్నా అన్న చీర తెచ్చేవాడు. ఆమె ఇంక ఆ ఇంట్లోనే ఉంటుందనేది ఎవరూ ఆలోచించి పెట్టుకున్న మాట కాదు. తెల్లారడం లాగా ఉండిందది.

ఒక మాట కుదిరిందంటే, మర్నాటికి ఆ రకం పట్టా పెరట్లో పరుచుకుని ఉండేది. కోలారు నుంచి చింతామణి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు పోయే చిన్న రైలు పట్టాలంత వెడల్పు, కింద చెక్క దిమ్మెలు, కంకర, అన్నీ. అంబుజాక్షి వాటిమీద వడియాలు ఎండబెట్టుకునేది. మాట సరిగా కుదరకపోతే పట్టా కూడా సరిగా వచ్చేది కాదు. 'తిర్వార్' అని ఒక మాట వచ్చింది. అంటే బల్లకుండే సొరుగు. ఆదిశేష సొరుగు అనే రాసినాడు. మర్నాడు ఆ పట్టా సొరుగులాగే పొద్దస్తమానం వంటింటి కిందికి పోతూ వస్తూ, గోడకానించిన ఇత్తడి బిందెలన్నిటినీ దొర్లించింది.

"ముందు దాన్ని ఆపండి. చారు ఒలికిపోతాంది," అని అంబుజాక్షి కేక పెట్టింది.

"అన్నా, రైలు ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి పక్క దారి పట్టుకునేదానికి వేసిన పట్టా అది. సొరుగని ఊరికే పేరు," అంది వరమహాలక్ష్మి నవ్వు ఆపుకోలేక. ఆదిశేష కొట్టేసి 'రివర్సింగ్ లైన్' అని రాసినాడు. పట్టా ఒకచోట కుదురుకుంది.

బండి అడుగుభాగం చూసేదానికి గుంత మీద వేసే పట్టా వచ్చిన రోజు పక్కింటి చౌడమ్మ గొడవకొచ్చింది.

"ఏం సామీ, మీ వరమ్మ తర్జుమా చేసిన గుంతలో మా దూడ పడిండాది. ఈసారి రవంత చిన్న మాట చూసుకోమని చెప్పు!"

దూడను పైకి లాగినాక ఆ గుంతను చౌడమ్మే వాడుకుంది. గడ్డి పరిచి మామిడికాయలు మాగేసింది.

పని సగానికి పైగా అయినాక గంగాధరప్ప వచ్చినాడు. రాసినంత చదువుకుని, పెరడంతా తిరిగి ఒక్కొక్క పట్టానూ కాలితో తట్టి చూసినాడు. తరువాత పడసాలలో కూర్చుని కాఫీ తాగుతూ గొంతు తగ్గించినాడు.

"ఇట్లాంటి పుస్తకాలు మా ఆఫీసులో బీరువా నిండా ఉండాయి శేషా. చదివేవాళ్ళు లేరు. నీ చెల్లెల్ని పంపించు. ఉద్యోగం నేను చూస్తాను. ఆడవాళ్ళు ఉండే హాస్టలు ఉండాది, మర్యాదస్తులు."

"ఆమెకేం తక్కువప్పా ఇక్కడ?" అన్నాడు ఆదిశేష. ఆ మాట నిజంగా ప్రేమతోనే అన్నాడు. "ఊరు గాని ఊళ్ళో ఒంటరిగా యాడ ఉంటుంది? వద్దులే."

గంగాధరప్ప మళ్ళీ అడగలేదు. వంటింట్లో కాఫీ గింజలు వేయిస్తున్న అంబుజాక్షి అంతా వింది. వరమహాలక్ష్మి ఆ సమయానికి బావి దగ్గర ఉంది. ఆమెకు ఏమీ తెలీదు.

ఆ తరువాత 'వ్వా ద గరాజ్' వచ్చింది. పనిలో లేని రైలును తీసుకొచ్చి ఉంచేసే పట్టా. ఆదిశేష 'సైడింగ్' అన్నాడు. మర్నాడు పొట్టి పట్టా ఒకటి వచ్చి, వెనక గోడ దగ్గర ఆగిపోయి ఉంది. వేప నీడ పడే చోటు. వరమహాలక్ష్మి చేట తీసుకుని అక్కడ కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ వెంటనే 'వ్వా దెవిత్మాఁ' వచ్చింది. ఆదిశేష దీనికీ సైడింగ్ అనే రాసినాడు. మర్నాడు పెరట్లో ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"రెండూ ఒకటి కాదన్నా," అంది వరమహాలక్ష్మి.

"రెండింటి మీదా రైలు నిలబడే కదా ఉండేది? ఒక మాట చాలు."

"చాలదు. గరాజ్‌లో పెట్టిన రైలును ఇంక ఎవరూ తలుచుకోరు. ఇందులో, ఎదురుగా వచ్చే రైలుకు దారి ఇచ్చేదానికి నిలబెడతారు. అది పోతానే ఇదీ పోవాల."

"అంత పట్టింపు దేనికే నీకు?"

"మాట తప్పయితే పట్టింపు ఉండదా?" ఆమె గొంతు పెరిగింది. ఆ ఇంట్లో అన్నతో ఆమె అట్లా మాట్లాడడం అదే మొదలు. తనకే వింతగా ఉన్నట్టు లేచి, చేట అక్కడే పెట్టి లోపలికి పోయింది.

ఆదిశేష బిత్తరపోయి అంబుజాక్షి వైపు చూసినాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "గంగాధరప్ప అడిగింది ఆమెకు చెప్పినారా?" అంది.

"ఆమెకెందుకు? నేను జవాబు చెప్పినాను కదా."

"ఆయన అడిగింది ఆమెను గురించి."

ఆదిశేష స్కూలుకు పోకుండా స్టేషన్ వైపు నడిచినాడు. కోలారు నుంచి వచ్చిన రైలు పక్క లైన్లో ఎదురుబండి కోసం ఆగి ఉంది. జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి దూరంగా చూస్తాండారు. మూటలు ఎత్తుకున్నవాళ్ళు వాటిని కిందికి దించనే లేదు. ఒకామె నిద్రపోయే పిల్లను భుజం మార్చుకుంది గానీ కూర్చోలేదు. చిక్కబళ్ళాపురం వైపు నుంచి పొగ కనిపించగానే రైలు పెట్టెలన్నిటిలో ఒక కదలిక పుట్టింది. ఆదిశేషకు చెల్లెలు వచ్చిన కొత్తల్లో వీధి తలుపు దగ్గర ఎట్లా నిలబడేదో గుర్తొచ్చింది. తరువాత ఎప్పుడు మానుకుందో మాత్రం గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి నేరుగా ఆమె ముందు కూర్చున్నాడు.

"వరా, గంగాధరుడు నిన్ను బెంగళూరుకు ఉద్యోగానికి పంపమన్నాడు. నిన్నడగకుండానే నేను వద్దన్నాను. ఇప్పుడు అడుగుతాండా. పోతావా?"

"నువ్వు ఏమనుకోవు కదా?" అంది ఆమె.

"అనుకుంటాను. ఏడుస్తాను కూడా. నువ్వు పోయేదానికీ దానికీ సంబంధం లేదు." పుస్తకం దగ్గరికి లాక్కుని, "ఆ మాట ఉండాది చూడు... క్రాసింగ్ లూప్ అని రాద్దాం," అన్నాడు.

మర్నాటి పట్టాకు రెండు కొనలూ తెరుచుకునే ఉన్నాయి. ఒక కొన చౌడమ్మ కొట్టం పక్కగా, ఇంకొకటి మల్లె పందిరి కింద నుంచి వీధి దాటి పోయి, రెండూ పెద్ద లైన్లో కలిసినాయి. ఎండ ఇంకా పొయ్యిగడ్డకు చేరకముందే కోలారు రైలు మెల్లగా పెరట్లోకి వచ్చి ఆగింది. గార్డు పిళ్ళప్ప దిగి దండం పెట్టి, ఎదురుబండి పోయేదాకా ఈడనే అన్నాడు. అంబుజాక్షి కిటికీ కిటికీకీ మజ్జిగ అందించింది. చౌడమ్మ, "దూడ జాగ్రత్త నాయనా!" అని డ్రైవరుకు చెప్పింది.

ఎదురుబండి కూత వేసుకుంటూ అవతల దాటిపోయింది.

రాత్రే కట్టిపెట్టిన చెల్లెలి పరుపుచుట్టను ఆదిశేష రైలు పెట్టెలోకి ఎక్కించినాడు. వదిన వరమహాలక్ష్మిని గట్టిగా కౌగిలించుకుని, ఒక స్టీలు డబ్బా చేతికిచ్చి లోపలికి పోయింది. పిళ్ళప్ప పచ్చజెండా ఊపినాడు. రైలు కదిలినాక ఆదిశేష కిటికీ పట్టుకుని కొంత దూరం నడిచి, పట్టా వీధిలోకి తిరిగే చోట వదిలిపెట్టినాడు.

స్టేషన్లో ఎక్కలేదు గనుక టికెట్టు పిళ్ళప్పే రాసివ్వాల్సి వచ్చింది. పెన్సిలు నాలికకు తడిపి అడిగినాడు.

"యాడికమ్మా?"

"బెంగళూరుకప్పా."

"పోయేదానికేనా, తిరిగొచ్చేదానికి కూడా రాసేదా?"

వరమహాలక్ష్మి కిటికీలోంచి చూసింది. బయట చెనిక్కాయ చేలు వెనక్కి పోతున్నాయి.

"ఇప్పటికి పోయేదానికే రాయప్పా," అంది.