బురద చెప్పుల కొట్టు

మా పేటకు రైలు వచ్చింది గానీ రోడ్డు రాలేదు. స్టేషను దాకా బురదే. అందుకే స్టేషను ఎదుట మా అత్తయ్య కొట్టు పెట్టింది. పట్నంలో ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు అక్కడ బురద చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, అరల్లో దాచుకున్న బూట్లు తొడుక్కుని ఎనిమిదింటి రైలెక్కేవారు. చీటీల్లేవు, నంబర్లు లేవు. ముక్కాలిపీట మీద కూర్చున్న అత్తయ్య పాదం చూసి అందరినీ గుర్తుపట్టేది, తలెత్తేదే కాదు. ఓసారి కూరగాయల దగ్గర లెక్కల మాస్టారు పలకరిస్తే "ఎవరు బాబూ?" అని, కిందికి చూసి "అయ్యో, మీరా మాస్టారూ!" అంది.

చివరికి తారురోడ్డు మంజూరైంది. మా కొట్టు ముందరి అరుగు దానికి అడ్డం. అత్తయ్య సంతకం పెడితేనే పని మొదలవుతుందట. రోడ్డు పడ్డాక మా కొట్టుతో ఎవరికి పని?

"మన నోట్లో మనమే మట్టి కొట్టుకుంటామా అత్తయ్యా?"

"పన్నెండేళ్ళుగా చూస్తున్నానే ఆ కాళ్ళని. ఆ నర్సు పిల్లకి వేళ్ళ సందులు ఎలా ఒరిసిపోయాయో నీకేం తెలుసు? ఇలా తే కాగితం."

పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

రోడ్డు తెరిచే ముందు రోజు అందరూ తమ బూట్లు ఇంటికి పట్టుకుపోయారు. మర్నాడు వాటినే తొడుక్కుని దర్జాగా నడిచొచ్చారు. వచ్చి, అలవాటు చొప్పున మా కొట్టు ముందు ఆగి, విప్పి అత్తయ్య చేతికిచ్చారు. ఆవిడా అరల్లో సర్దేసింది. తీరా చూస్తే తొడుక్కోవడానికి ఇంకేవీ లేవు. మేజోళ్ళతో నిలబడి ఒకటే నవ్వులు! రైలు కాస్తా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. అత్తయ్య మాత్రం రోజూ ఖాళీ అరలు తుడిచేది. చూస్తే నాకు ఏడుపొచ్చేది.

రోడ్డు వెంట ఇళ్ళు లేచాయి, స్కూటర్లు వచ్చాయి. ఒక ఉదయం మాస్టారు హెల్మెట్ పట్టుకుని వచ్చారు.

"అక్కా, దీన్ని రోజంతా మోయలేక చస్తున్నాను. నా పాత అర ఖాళీయేనా?"

నెల తిరక్కుండా అరలు నిండిపోయాయి. అన్నీ నల్ల హెల్మెట్లే, అందరివీ బూటు కాళ్ళే. ఒకరిది ఒకరికిచ్చి నాలుగు చీవాట్లు తిన్నాక అత్తయ్య తలెత్తి చూడటం మొదలుపెట్టింది.

మొన్న సాయంత్రం హెల్మెట్ అందుకుంటూ నర్సు నవ్వింది. అత్తయ్య ఆ పిల్ల గడ్డం పట్టుకుని వదల్లేదు.

"ఇన్నేళ్ళూ నీకు సొట్టబుగ్గలున్నాయని నాకు తెలీనే తెలీదే తల్లీ!"