నడిసముద్రంలో తేలిన మేడ

హత్యల నవలల సంగతి వచ్చిందంటే మా పత్తేదారును మించినవాడు భూమ్మీద పుట్టలేదు, పుట్టబోడు. వారపత్రికలో కొత్త నవలల మీద సమీక్షలు రాయడం ఆయన పని. హత్య లేని పుస్తకం ముట్టడు గనక అందరూ ఆయన్ను డిటెక్టివ్ అన్నట్టుగా పత్తేదారనే పిలిచేవారు. పుస్తకం చేతికి రాగానే తెరిచి, ముక్కు ఆనించి, ఒక్కసారి వాసన పీల్చి, "వంటవాడే చంపాడు" అనేవాడు. చూస్తే వంటవాడే చంపి ఉండేవాడు! ఒక నవల్లో హంతకుడైతే తన పుస్తకం సమీక్షకు ఈయన దగ్గరికే వెళ్తోందని తెలిసి, ఎందుకొచ్చిన గొడవని మొదటి అధ్యాయంలోనే లొంగిపోయాడట.

వాసన మాట నిజమేనండీ. కాకపోతే ఆయన ముక్కు పెట్టేది చివరి పేజీలో! అట్ట వెనక రాసిన నాలుగు ముక్కలు, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం. అంతటితో ఆయన చదువు సమాప్తం. మధ్యది ముట్టడు.

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా తినాలా? ఒక్క మెతుకు చాలదూ?" అనేవాడు భార్యతో.

"మెతుకు పట్టి చూసి, విందు అదిరిందని చెప్పొచ్చేవారు మీరొక్కరే," అనేది ఆవిడ.

ఏళ్ల తరబడి నల్లేరు మీద బండి నడకలా సాగింది. అంతలో ఆయన మరదలే నవల రాసింది.

మరదలంటే భార్యకు స్వయానా చెల్లెలు. ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో ఉద్యోగం. ఒక రోగి వెళ్లి ఇంకో రోగి వచ్చేలోపు దొరికిన ఖాళీల్లో రాసుకున్న మొదటి నవల అది. ఒక మేడ, అందులో నానారకాల మనుషులు, పై అంతస్తులో ఒంటరి ముసలావిడ హత్య. అచ్చయి రాగానే ఒక ప్రతి తెచ్చి బావ చేతిలో పెట్టింది.

"పొగడక్కర్లేదు బావా, చదువు చాలు. మధ్యలో ఎక్కడ సాగదీశానో చెప్పు. అది తెలిస్తేనే రెండోది మొదలుపెడతా. ఇంకెవర్నడిగినా 'బాగుందమ్మా' అని తప్పించుకుంటారు."

"అక్షరం వదిలితే నా పేరు మార్చుకుంటా!"

"నిన్ను అసలు పేరుతో పిలిచేదెవరు గనక, మార్చుకుంటే తెలియడానికి?" అంది మరదలు. ముగ్గురూ నవ్వారు.

చదువుదామనే అనుకున్నాడు పాపం. మొదటి అధ్యాయం చదివి, పిల్ల గట్టిదేనని సంబరపడ్డాడు కూడా. ఇంతలో పత్రికవాళ్లు సమీక్ష ఏదని ఫోన్ చేశారు. బల్ల మీద ఇంకా బోలెడు పుస్తకాలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కదా, వేళ్లు వాటంతటవే చివరికి దూకాయి.

అక్కడ తుఫాను. తుఫానులో ఓడ. ఓడ మీద కెప్టెన్ మోకాళ్ల మీద కూలబడి, "నేనే చంపాను" అని భోరుమంటున్నాడు. మేడలో మొదలైన కథ ఓడెప్పుడెక్కిందో ఆయనకు అంతుపట్టలేదు. మనుషుల పేర్లు కూడా వేరుగా ఉన్నాయి. మారువేషాలు కాబోలనుకున్నాడు. హంతకుడెవరో బయటపెట్టకూడదు గనక, "మేడలో మొదలై నడిసముద్రంలో తేలిన కథ. ఓడ కెప్టెన్ కన్నీళ్లను ఏ పాఠకుడూ మరిచిపోలేడు" అని రాసి పంపేశాడు.

పత్రిక వచ్చిన నాలుగో రోజు మరదలు వచ్చింది. చేతిలో తన పుస్తకం. కూర్చోలేదు.

"బావా, కెప్టెన్ ఎవరు?"

"ఏ కెప్టెన్?"

"నేనూ అదే అడుగుతున్నా."

పత్తేదారు గొంతు సవరించుకున్నాడు. "అంటే... మేడనే ఓడ అనుకున్నామనుకో, అప్పుడు ఆ మేడ యజమాని..."

"ఆయన కథ మొదలయ్యేసరికే పోయాడు బావా. ఏడవడానికి లేడు."

భార్య లోపలికెళ్లి ఆయన ప్రతి తెచ్చి బల్ల మీద పెట్టింది. మరదలు చివరి పేజీలు తిప్పింది. ఓడ కనిపించింది. "ప్రెస్సులో కుట్టేటప్పుడు వేరే నవల చివరి కాగితాలు ఇందులో కలిపేశారు," అంది.

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది ఆయనకు. "చూశావా! తప్పు ప్రెస్సుది! నేనేం చేస్తానే అమ్మాయ్!"

మరదలు మధ్య పేజీలు తెరిచింది. అంచులు సరిగా కత్తిరింపు పడక, కాగితాలు జంటలుగా అతుక్కునే ఉన్నాయి. ఒక్కటీ విప్పి లేదు. ఒక జంట కాగితాన్ని, ఎక్స్‌రే ఫిల్మును చూసినట్టు, కిటికీ వెలుతురుకెత్తి చూసింది. తర్వాత పుస్తకం మెల్లగా మూసింది.

"తిట్టినా బాగుండేది బావా. చదివి తిట్టావనుకునేదాన్ని." గొంతు పెంచలేదు. "కొన్నవాళ్లు కెప్టెన్ లేడని, పేజీలు ఊడిపోయాయని పుస్తకాలు వెనక్కి తెస్తున్నారట. ఇలాగైతే రెండోది వెయ్యలేమంటున్నారు ప్రచురణకర్తలు."

టీ తాగమన్నా ఆగలేదు. తన ప్రతి బల్ల మీదే మరిచిపోయి వెళ్లింది.

భార్య సాధిస్తుందనుకున్నాడు. సాధించినా కొంత తేలికపడేవాడు. ఆవిడ వంటింట్లోంచి చాకు తెచ్చి పుస్తకం పక్కన పెట్టి, "ఇవాళ కుండంతా తినండి," అంది. అంతే.

ఒక్కో జంటా కోసుకుంటూ చదివాడు. హంతకుడు పాలవాడన్నాడు, కాదు. మేనల్లుడన్నాడు, వాడూ కాదు. లిఫ్టు మెకానిక్ అని పందెం కాయబోయి, కాయడానికి ఎదుట ఎవరూ లేక ఊరుకున్నాడు. చివరి అధ్యాయం మరదలి ప్రతిలో చదివాడు. చంపింది కింది అంతస్తులో ఉండే పెద్దమనిషి. హత్య జరిగిన సాయంత్రం తాను కచేరీలో ఉన్నానని చెప్పి, గాయనిని ఆకాశానికెత్తేస్తాడు. తీరా చూస్తే ఆ సాయంత్రం ఆమె గొంతు పోయి అసలు పాడనే లేదు. "వినని పాటను మెచ్చుకున్నాడు చూడండి, అక్కడే దొరికిపోయాడు," అంటాడు ఇన్‌స్పెక్టరు.

పత్తేదారు ఆ వాక్యం మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. భార్య గదిలోకి వస్తే తలెత్తలేకపోయాడు.

మర్నాడు తర్వాతి వారానికి సమీక్ష రాశాడు. "పోయిన వారం నేను మెచ్చుకున్న నవలను నేను చదవలేదు. అందులో కెప్టెన్ లేడు. మీ పుస్తకాలు సరిగానే ఉన్నాయి, వెనక్కివ్వకండి. ఇప్పుడు చదివాను. హంతకుణ్ణి పట్టుకోలేకపోయాను." ఆ కింద నవల గురించి నిజంగా చెప్పవలసినదంతా రాశాడు. పత్రికకు పంపేముందు ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

మరదలు ఎక్స్‌రే గది గుమ్మంలో నిలబడే చదివింది.

"మధ్యలో ఎక్కడ సాగింది?"

"లిఫ్టు ఆగిపోయాక కొంచెం. ఆ మేనల్లుడి గొడవ తీసేసినా నష్టం లేదు. కచేరీ దగ్గర మాత్రం... నన్నే పట్టేశావమ్మా."

మరదలు ఫక్కున నవ్వింది. "ఇప్పుడు చదివావు బావా!" అంది.

ఇంత చెప్పాక మీ దగ్గర దాపరికమెందుకు? మొదటి అధ్యాయంలోనే లొంగిపోయిన హంతకుణ్ణి మీరు నమ్మినా నాకభ్యంతరం లేదు. ఇందులో నేను కల్పించింది ఆ నవ్వూ, ఆ మాటా. మరదలు నవ్వలేదు. కాగితాలు మడిచి తిరిగిచ్చి, "పంపించు" అని తలుపు వేసుకుంది. లోపల రోగితో "ఊపిరి బిగబట్టండి" అనడం వినిపించింది. బయట బల్ల మీద కూర్చున్న మా పత్తేదారు కూడా తెలియకుండానే బిగబట్టాడు.

రోగితో "ఇక వదలండి" అంది. ఆయనతో ఇంకా అనలేదు.