బాదం నెలవంకలు మాడిన రోజు

"ఈ పిల్ల ఏదో ఒకనాడు మన బట్టీ మూయిస్తుంది, చూస్తూ ఉండు," అన్నాను మా ఆయనతో. అప్పటికింకా ఏమీ జరగలేదు.

ఆయన పేరు బూఅజ్జా. మెక్నెస్ పాత ఊళ్ళో మా వీధి రొట్టెల బట్టీ ముప్పై ఏళ్ళుగా ఆయనదే. ఇంటింటి నుంచీ పిండిముద్దలు చెక్క పలకల మీద వస్తాయి, ఈయన కాల్చి ఇస్తాడు. ఏ పలక ఎవరిదో ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ చలికాలంలో జ్వరం తగిలి లేచాక మతిమరుపు పట్టుకుంది. రెండుసార్లు ఒకరి రొట్టెలు మరొకరికి ఇచ్చాడు. నాలుగిళ్ళవాళ్ళు అప్పుడే బేకరీకి పోవడం మొదలెట్టారు. ఇంకో పొరపాటు జరిగితే మిగిలినవాళ్ళూ పోతారు.

మా అమ్మాయి గిజ్లాన్ పగలు పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాస్తుంది. సాయంత్రం పాత కంప్యూటరు ముందేసుకుని, సరదాకి ప్రోగ్రాములు నేర్చుకుంటుంది. వాళ్ళ నాన్న కోసం ఒకటి రాసింది.

"ముందు ఒక తల్లి అచ్చు చేస్తానమ్మా. దాని గుణాలన్నీ పిల్ల అచ్చులకు వాటంతటవే వస్తాయి."

తల్లి అచ్చు పేరు రొట్టె. చేపల పళ్ళెం, మిఠాయి పళ్ళెం, అన్నీ దాని పిల్లలే.

"మిఠాయి రొట్టెకు పిల్లేమిటే?"

"బట్టీలోకి పోయేదంతా రొట్టే కదా, అమ్మా."

ఐదో తరగతి చదివినదాన్ని, నాకేం తెలుసని నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది.

పలక లోపలికి వెళ్ళగానే అది ఏ ఇంటివాళ్ళదో, దాని మీద ఏముందో ఫోనులో నొక్కాలి, తీయాల్సిన సమయానికి అది గంట కొడుతుంది. "ఇక ముక్కును నమ్మకు నాన్నా, గంట కొట్టేదాకా ఆగు," అని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

పొరుగింటి తామూ కూతురి నిశ్చితార్థానికి నాలుగు పళ్ళేల బాదం నెలవంకలు, అంటే నెలవంకలా మడిచిన బాదం మిఠాయిలు, వచ్చాయి. అవి పది నిమిషాల్లో తెల్లగా బయటికి రావాలి. గంట మాత్రం రొట్టె సమయానికే మోగింది. మా ఆయనకు వాసన ముందే తెలిసింది. తెలిసి కూడా, కూతురికిచ్చిన మాట కోసం, తెడ్డు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

తామూ ఒక పళ్ళెం తెచ్చి మా గడప మీద పడేసింది. "వియ్యాలవారికి ఏం పెట్టమంటావు వదినా, బొగ్గులా? నీ కూతురి పెళ్ళికి కంప్యూటరు చేత వండించుకో."

గిజ్లాన్ తల వంచుకునే ఉంది కానీ మాట తగ్గలేదు. "తల్లి అచ్చు నుంచి మిఠాయికి రొట్టె టైమే వచ్చేసింది. ప్రోగ్రాములో ఇంకొక్క గీత రాస్తే సరిపోతుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "రేపు చేపకు ఇంకో గీత, ఎల్లుండి మిరపకాయలకు ఇంకోటా? ముప్పై ఏళ్ళ ముక్కును పక్కన పెట్టించి నాకు గీతలు చెప్తావా?"

ఆయన మాత్రం తిరిగి బట్టీకి వెళ్ళిపోయాడు. ఆ రోజే కాదు, మర్నాడూ, ఆ మర్నాడూ కూతురితో మాట లేదు. బట్టీకి వచ్చేవాటిలో పదకొండు పలకలు తగ్గాయి. మళ్ళీ జ్వరం వస్తుందేమో, గుండె ఆగుతుందేమోనని నేను చస్తున్నాను. "తిట్టవయ్యా, తిడితే నా దడైనా తగ్గుతుంది," అని ఆయన మీదా విరుచుకుపడ్డాను.

నాలుగో రోజు మధ్యాహ్నం గిజ్లాన్ నోటుబుక్కు పట్టుకుని బట్టీకి వెళ్ళింది. ఏం గొడవవుతుందోనని వెనకాలే వెళ్ళాను.

"అంతా చెరిపేశాను నాన్నా. రొట్టె దేనికీ తల్లి కాదు. ఎంతసేపు కాలాలి అని అడగను. ఏం చూసి తీస్తావో అది చెప్పు చాలు."

ఆయన పలక తోశాడు. ఇంకోటి తోశాడు. ఏడు పలకలు లోపలికి వెళ్ళాయి. పిల్ల గోడకానుకుని నిలబడే ఉంది. ఇక లాక్కుపోదామని చెయ్యి పట్టుకోబోయాను.

ఆయన తెడ్డు గోడకు ఆనించాడు. మా వైపు తిరగలేదు.

"రొట్టెయితే అడుగు తట్టి వింటాను. మిఠాయికి అంచు చూస్తాను. చేపకు వాసన. ఇంటివాళ్ళ పేరు పలకకు ఉండాలి, దాని మీద కాలేదానికి కాదు; నేను మరిచేది ఆ పేరే. రెండూ వేరువేరుగా రాసుకో."