కాచిన వైను

ఎల్యకీమ్ పీపాకు చెవి ఆనించి వేలి కణుపులతో తట్టాడు. మోత బోలుగా వచ్చింది. బిరడా లాగి, కూజా వంచి, వైను అంచుదాకా తేలేవరకు పోశాడు. అతని గోళ్ల చుట్టూ ఊదారంగు ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. భార్య బతికున్న రోజుల్లో ఆ చేతులు చూసి, "మీకు నేను రెండో పెళ్లాన్ని" అనేది.

గలిలయ కొండ అడుగున ఆ నేలమాళిగలో ఒక ఆనవాయితీ ఉంది. పనివాళ్ల ఇంట బిడ్డ పుడితే, ఆ బిడ్డ పెళ్లికని ఒక పెట్టె వైను ఎంచి మూల చీకట్లో దాచుకోవచ్చు. ఎల్యకీమ్ కొడుకు ఇతామర్‌కు మొన్ననే కూతురు పుట్టింది. పేరు నెటా.

మధ్యాహ్నం రొట్టె, ఆలివ్ కాయలు ముందేసుకుని కూర్చున్నప్పుడు తోటి పనివాడు పెరెత్స్ అడిగాడు.

"ఏది తీస్తున్నావన్నా? కొండమీది తోటదేగా?"

"కాచినది."

పెరెత్స్ నోట్లో గింజ ఆగిపోయింది. "పెళ్లినాటికి పులిసిపోతే సలాడ్‌లో పోసుకుంటావా? కాస్తే వైనుకు ప్రాణం పోతుందని నా చెవులు చిల్లులు పడేలా చెప్పింది నువ్వేగా!"

"చెప్పాను."

"మరి?"

"పిల్ల పెళ్లిలో వాళ్ల నాన్నే వైను పోయాలిరా."

పెరెత్స్ నవ్వు అణిగిపోయింది. సంగతి అతనికి తెలుసు. ఇతామర్ సైన్యం నుంచి వచ్చాక, యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతును పాటించడం మానేశాడు. అలాంటివాడు మూత తీసిన సీసా ముట్టుకుంటే, ఆ వైను కోషర్ కాదు, అంటే మతాచారం ప్రకారం పనికిరాదు, ఇంట్లో ఎవరూ తాగరు. కాచినదైతే ఎవరు పోసినా దోషం లేదు. కానీ కాచినది ఏళ్లకు తట్టుకోదు.

ఆ మధ్య ఒక శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ఇతామర్ మరిచిపోయి, తండ్రికి వైను పోద్దామని సీసా అందుకోబోయాడు. ఆలోచన కంటే ముందే ఎల్యకీమ్ అరచెయ్యి సీసా మూతి మీద పడింది. "తప్పయింది నాన్నా" అన్నాడు కొడుకు, మెల్లగా. ఆనాటి నుంచి ఆ బల్ల దగ్గర రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా.

పెరెత్స్ రొట్టె పక్కన పెట్టి లేచి వెళ్లి, లోపలి గదిలోంచి ఒక పెట్టె మోసుకొచ్చాడు.

"దీన్ని రెప్పపాటులో వేడిచేసి రెప్పపాటులో చల్లార్చారు. కాచినవాటిలో ఇదే గట్టిపిండం. నిలవొచ్చన్నా."

"నిలవకపోతే?"

"పుల్లగా ఉన్నా తాగుతాం. మొహాలు మాడ్చుకోకుండా తాగుతాం, సరేనా?"

ఎల్యకీమ్ చాలా రోజుల తర్వాత పళ్లు కనపడేలా నవ్వాడు. పెట్టెను తనే మూలకు చేర్చి, ఎన్నాళ్లుగానో తన జేబు దాటని మెలితీగను, బిరడాలు తీసేదాన్ని, తాడుతో పెట్టెకు కట్టాడు. తర్వాత కాస్త ఆయాసంగా ఉందని, కూజా ఒళ్లో పెట్టుకుని పక్క పీపాకు వీపు ఆనించి కూర్చున్నాడు.

సాయంత్రం తాళం వేయబోతూ పెరెత్స్ పిలిచాడు. ఎల్యకీమ్ పలకలేదు. ముఖం నిద్రపోతున్నట్టే ఉంది, ఒళ్లు మాత్రం చల్లబడింది. కూజా ఒళ్లో నిటారుగా ఉంది, చుక్క ఒలకలేదు.

కబురు అంది ఇతామర్ పరుగున వచ్చాడు. వచ్చి, అలవాటుగా గడప బయటే ఆగిపోయాడు. లోపల మూతలు తీసిన పీపాలుంటాయి.

"రారా," అన్నాడు పెరెత్స్. "మూతలన్నీ బిగించాను. రా."

తండ్రి పక్కన మోకాళ్లూని చాలాసేపు ఉన్నాడు ఇతామర్. పెరెత్స్ అతని చెయ్యి పట్టుకుని మూలనున్న పెట్టె మీద పెట్టాడు.

"ఇది నెటా పెళ్లికి. కాచినదే ఎంచాడు మీ నాన్న. పోసేది నువ్వేనట."

ఇతామర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అతని వేళ్ల పక్కన, తాడుకు కట్టిన మెలితీగ చెక్కపిడి మీద, ముసలి బొటనవేలు అరగదీసిన గుంటలో ఊదారంగు ఇంకా పోలేదు.