బుర్గా వేలు తగిలిన ట్యూబు

కుల్మ్‌బాఖ్ ఊళ్లోని ఆ మందుల ప్రయోగశాలలో వట్టి చేత్తో ట్యూబు ముట్టుకోవడమంటే మడిబట్టను మైలచేత్తో తాకినట్టే. జబ్బు పుట్టించే జన్యువు నోరు నొక్కే చిన్న ఆర్‌ఎన్‌ఏ జంటపోగులు అక్కడ తయారవుతాయి. మన చర్మం మీది ఎంజైములు వాటిని కత్తెరల్లా తునకలు చేస్తాయి. రక్తంలోనూ అలాంటి కత్తెరలే. అందుకే పోగులోని చక్కెరలకు ఫ్లోరిన్, మిథైల్ తగిలించి, కొసల్లో ఆక్సిజన్ బదులు గంధకం పెట్టి గట్టిపరుస్తారు.

పని నేర్చుకోవడానికి చేరిన బుర్గా తనంతట తాను కట్టిన మొదటి జంటపోగు ఆ ట్యూబులో ఉంది. మధ్యాహ్నం సమావేశంలో అది నచ్చితేనే తర్వాతి పరీక్షలకు వెళ్తుంది. ఆమె మూత తెరిచేసరికి కూతురి బడి నుంచి ఫోను. అఫ్రాకు మళ్లీ జ్వరమేమోనని భయపడి చేతి తొడుగు లాగేసి ఫోనెత్తింది. జ్వరం కాదు, టోపీ పోయిందట. హమ్మయ్య అనుకుంటూ అదే చేత్తో మూత నొక్కింది. వేలు లోపలి అంచుకు తగిలింది.

చెప్పకుంటే ఎవరికి తెలుస్తుంది? తొమ్మిదో తరగతితో చదువు ఆగిన తనకు ఈ చోటు దొరకడమే గొప్ప. అయినా నోరు ఊరుకోలేదు.

"డాక్టరమ్మా, నా వేలు తగిలింది. లోపలికే."

పక్కబల్ల దగ్గర పనిచేసే ఎగోన్ ఇకిలించాడు. "ఇంకేం, పోగు పోయి చారైంది. ఉప్పేసుకుని తాగెయ్."

"నీ వెటకారం ఆపి జెల్ పలక సిద్ధం చెయ్యి నాయనా," అంది పని నేర్పే డాక్టర్ హాల్లర్. బుర్గా ముందు ఇంకో ట్యూబు పెట్టింది. "ఇది ఏ మార్పూ చెయ్యని మామూలు పోగు. దీన్నీ ముట్టుకో."

"వట్టి వేలితోనా?"

"ఒకదాన్ని ముట్టాక ఇప్పుడు సిగ్గెందుకే పిల్లా?"

రెండింటినీ కాసేపు వెచ్చగా ఉంచి, పొడవును బట్టి పోగులను వేరుచేసే జెల్‌లో కరెంటుతో నడిపి, దీపం వేసి చూశారు. మామూలు పోగు దారిలో తునకల మసక మరక తప్ప ఏమీ లేదు. బుర్గా కట్టినదాని దారిలో ఒకే గీత, సూదితో గీసినట్టు.

ఎగోన్ ఈసారి నవ్వలేదు. "అబ్బో, మొండిదే!" అన్నాడు.

"సమావేశంలో నువ్వే చూపించు," అంది హాల్లర్.

"ఏమని చెప్పనండీ?"

"జరిగిందే చెప్పు."

సమావేశంలో ప్రయోగశాల పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ గీతను చాలాసేపు చూశాడు. "ఎవరు కట్టారిది?"

బుర్గా లేచి నిలబడింది. "నేనేనండీ. పాడు చెయ్యబోయిందీ నేనే. అది పాడవలేదు."

"అయితే ముందుకు పంపుదాం," అన్నాడాయన.

బుర్గా వెంటనే కూర్చోలేదు. అందరూ ఆ గీతను చూస్తుంటే ఇంకాసేపు నిలబడాలనిపించింది.