ఒకవైపు కాలిబాట

ఆ వీధికి ఒక చివర బస్టాపు, ఇంకో చివర పెద్దాసుపత్రి. మధ్యలో అరవై రెండు దుకాణాలు. బస్సు దిగిన రోగులకు ఆసుపత్రికి వెళ్ళే దారి అదొక్కటే. దుకాణాల ముందు రెండు వైపులా బళ్ళు నిలిపి ఉంచడంతో వాళ్ళు నడిరోడ్డు మీదే నడిచేవారు. ఏడాదిలో పదకొండు మందిని బళ్ళు గుద్దాయి. వాళ్ళలో ఇద్దరు బతకలేదు.

ఆ వీధిని బాగుచేసే పని నగర కార్యాలయంలో రోడ్ల ఇంజనీరుకు అప్పగించారు. ఆమె మూడు వారాలు గుమ్మం గుమ్మం తిరిగి కొలతలు తీసుకుంది. దుకాణాలవాళ్ళు ఆమెకు టేపమ్మ అని పేరు పెట్టారు. "టేపమ్మ వస్తోంది, పొట్టలు లోపలికి లాక్కోండి!" అని ఒకరినొకరు హెచ్చరించుకునేవారు. ఆమె కూడా నవ్వేసేది.

ఆ వీధిలోనే ఆమె బాబాయికి పరుపుల దుకాణం ఉంది. తండ్రి పోయాక ఆమెను పెంచి, చదివించింది ఆయనే. అందుకే ప్లాను తయారవగానే ముందు ఆయన దగ్గరికే తీసుకెళ్ళి, ఒక పరుపు మీద పరిచి చూపించింది. రెండు వైపులా రెండేసి మీటర్ల కాలిబాట, బళ్ళు ఆపడం పూర్తిగా నిషేధం.

"బాగుందమ్మా" అన్నాడు బాబాయి. "మరి పరుపు కొన్నవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని బస్టాపు దాకా నడవాలా?"

"వెనక సందులో బండి ఆపుకోవచ్చుగా బాబాయ్."

"ఆ సందులో రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాలి. నువ్వే కొలిచావుగా!"

నిజమే. ఆమె ప్లాను చుట్టుకుని వెళ్ళిపోయింది. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. ప్రతి పది దుకాణాలకూ ఒకచోట, పొద్దున పదకొండు దాకా, సాయంత్రం ఒక గంట, సరుకు ఎక్కించుకునే బళ్ళు ఆగొచ్చని రాసింది. బాబాయి కళ్ళజోడు తుడుచుకుని అంతా రెండుసార్లు చదివాడు.

"నీ లెక్కలో పదకొండు మందే ఉన్నట్టున్నారు. మీ పిన్నిని కూడా కలుపుకో. కిందటేడు మోకాలు చూపించుకోవడానికి వెళ్తుంటే బండి రాసుకుపోయింది. నీకు చెప్పొద్దంది" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయనే దుకాణం దుకాణానికీ తిరిగాడు. "మా పిల్ల మాటంటే మాటే. నాదీ పూచీ" అని చెప్పి అందరిచేతా ఒప్పుకోలు సంతకాలు పెట్టించాడు. ఎదురు వరసలో మూడంతస్తుల బట్టల షోరూం యజమాని ఒక్కడే పెట్టలేదు. "చూద్దాంలెండి" అని నవ్వి ఊరుకున్నాడు. తర్వాత తిన్నగా వార్డు సభ్యుణ్ణి కలిశాడు.

పది రోజులకు ఇంజనీరును పై అధికారి పిలిచాడు.

"ఎదురు వరస తీసెయ్యమ్మా. ఒక వైపు వేస్తే చాలు."

"ఆసుపత్రి గేటు ఆ వైపే ఉంది సార్. పైగా ఈ వైపు వేసి ఆ వైపు వదిలేస్తే, బేరాలన్నీ అటే పోతాయి."

"సగమన్నా వస్తోందిగా. నువ్వు సంతకం పెట్టకపోతే ఆ సగమూ ఉండదు. పని వేరే వార్డుకి పోతుంది."

"సరుకు బళ్ళ టైములు?"

"అది ట్రాఫిక్ వాళ్ళ ఉత్తర్వు. పంపిద్దాంలే."

ఆమె సాయంత్రం దాకా ఒక వైపే కాలిబాట ఉన్న కొత్త ప్లాను ముందు కూర్చుంది. ఏమీ లేకపోవడం కంటే సగం నయమనుకుంది. సంతకం పెట్టింది.

నాలుగు నెలల్లో బాబాయి వైపు కాలిబాట వచ్చింది, అటు బళ్ళు ఆపకూడదన్న నిషేధమూ వచ్చింది. సరుకు బళ్ళ టైముల ఉత్తర్వు మాత్రం రాలేదు. ఆమె ట్రాఫిక్ కార్యాలయానికి తొమ్మిదిసార్లు వెళ్ళింది. ఫైలు పైన ఉందన్నారు, సారు సెలవులో ఉన్నారన్నారు, ఆ సారు బదిలీ అయ్యారన్నారు. ఈలోగా పరుపుల దుకాణం ముందు ఏ బండి ఆగినా పోలీసులు జరిమానా వేసేవారు. కొనేవాళ్ళు ఎదురు వరసలో బండి ఆపుకుని, అటే ఏదో ఒకటి కొనుక్కుని పోయేవారు. రోగులకూ ఒరిగిందేమీ లేదు. గేటు అటువైపు ఉంటే ఇటు నడిచి ఏం లాభమని, పాత అలవాటుగా ఎదురువైపు బళ్ళ పక్కన రోడ్డు మీదే నడిచేవారు. ఆ వానాకాలంలో, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపిన ఒక ముసలావిడ గేటు దాటిన అయిదు నిమిషాలకే వ్యాను కింద పడి చనిపోయింది.

పక్క దుకాణం కుట్టుమిషన్ల మేస్త్రి ఒకరోజు బాబాయిని వీధిలోనే నిలదీశాడు. "మీ పిల్లని నమ్మమన్నావు. నమ్మాం. ఇప్పుడు నీ పూచీ ఏ గంగలో కలిసింది?"

ఇరవయ్యేళ్ళుగా పలకరించుకున్నవాళ్ళు మొహం తిప్పుకుని పోయారు. ఇంజనీరు సవరణ కోరుతూ పైకి రాసింది. పూర్తయిన పనిలో మార్పులు వీలుపడవని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

మరుసటేడు బాబాయి దుకాణం మూసేశాడు. సామాను సర్దడానికి ఆమె సెలవు పెట్టి వెళ్ళింది. ఇద్దరూ దిండ్లు మూటలు కట్టారు.

"నువ్వు తప్పు గీయలేదమ్మా" అన్నాడు చివరికి. "గీసింది గీసినట్టు వేసుంటే ఆ రోగులూ బతికేవాళ్ళు, మేమూ బతికేవాళ్ళం."

"నేను సంతకం పెట్టకుండా ఉండాల్సింది బాబాయ్."

కాదులే అంటాడని ఆమె ఎదురుచూసింది. ఆయన పురికొస ముడి బిగించి, మిగిలింది పళ్ళతో తెంపాడు.

"అవును, ఉండాల్సింది" అన్నాడు.

ఆదివారాలు ఆమె వాళ్ళింటికి వెళ్ళడం మానలేదు. ఆయన టీవీ ముందు కూర్చునేవాడు, అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అంతే. అలా రెండు నెలలు గడిచాక ఒక శనివారం పిన్ని ఫోను చేసింది. గొంతు తగ్గించి, పక్కగదిలో ఎవరో వింటున్నట్టు మాట్లాడింది.

"కొన్నాళ్ళు రాకమ్మా. కోపంతో కాదు, నీ మీదొట్టు. నువ్వొచ్చి వెళ్ళిన రోజు ఆయన అన్నం ముట్టుకోవట్లేదు."

"సరే పిన్నీ" అంది ఆమె.

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని ఆమె అడగలేదు. పిన్నీ చెప్పలేదు.