పుట్టగొడుగు అడుగు వైపు

ఆ రోజు పొద్దున నా చేతిలో ఉన్నవి మూడు: అరచేతంత పుట్టగొడుగు ముక్క, ఐదేళ్ళ కిందట మా చెల్లెలికి ఇచ్చిన మాట, మధ్యాహ్నం రెండింటి దాకా టైము.

మాట ఏమిటంటే, "ఈ దూలాల్ని నీ మనవళ్ళు కూడా చూస్తారు" అని. చెల్లెలు కుట్టుపని షెడ్డు కట్టినప్పుడు పైకప్పుకి ఆరు దూలాలు నా కలప అడితి నుంచే వెళ్ళాయి. ఇప్పుడు ఆ షెడ్డులో ఇరవై ఆరు మెషిన్లు, వాటి మీద ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు. ముందు రోజు సాయంత్రం తను ఫోన్ చేసి, "అన్నయ్యా, నీ దూలానికి చెవి మొలిచింది. మా మాటలన్నీ వింటోంది" అంది. వెళ్ళి చూస్తే గుమ్మం పైన, గోడలోంచి బయటికి వచ్చిన దూలం చివర, తుప్పు రంగు పుట్టగొడుగు ఒకటి అరలా పొడుచుకొచ్చి ఉంది. బాడిసతో ఒక్క దెబ్బ కొట్టి, ఊడదీసి తెచ్చాను. ఆ పక్కనే గోడ మీద తేమ కనబడింది. ఎందుకైనా మంచిదని తెల్లారగానే మా మరదలి దగ్గరికి బయల్దేరాను.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. కాలేజీలో పని. కర్రను కుళ్ళబెట్టే పుట్టగొడుగుల్ని ఏది ఏ జాతో తేల్చి, కాగితం పొట్లాల్లో పెట్టి, చీటీ రాసి, బీరువాల్లో దాస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. నేను తనని బూజు పంతులమ్మ అంటాను. తను నన్ను దుంగల దొర అంటుంది. లెక్క సరి.

తను క్లాసులు ముగించుకుని గది తెరిచేసరికి పన్నెండు కావొచ్చింది. లోపలికి వెళ్ళగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ముక్కని బల్ల మీద పెట్టాను. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దీని అడుగు వైపు ఏది, బావా?"

"అదే. దుమ్ముపట్టి అసహ్యంగా ఉంటే చిత్రిక పట్టి నున్నగా చేశాను."

"చిత్రిక పట్టారా?"

"శాంపిల్ ఎవరైనా మురికిగా చూపిస్తారా? మా అడితిలో ఏ ముక్కైనా ముఖం నున్నగా చేశాకే గిరాకీ చేతిలో పెడతాం."

"బావగారూ," అంది. తను 'గారు' తగిలించిందంటే కోపం వచ్చిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. "దొంగని గుర్తుపట్టమని మనిషిని తీసుకొచ్చి, ముందే వాడి ముఖం చెక్కేశారు. నాకు కావాల్సిందంతా ఆ అడుగు వైపే ఉంటుంది."

బల్ల మీద తను వాడే ప్రశ్నల పుస్తకం ఉంది. ప్రతి నంబరు దగ్గరా రెండే దారులు: ఇదైతే ఆ నంబరుకి వెళ్ళు, అదైతే ఈ నంబరుకి. ఒక్కో ప్రశ్నకీ సగం సరుకు పక్కకి తోసేస్తూ పోవడమే. అలా అయితే బేరం లాంటిదే కదా అనుకున్నాను. తను నాలుగు ప్రశ్నలు దాటి ఐదో దాని దగ్గర వేలు ఆపింది. అడుగున గుండుసూది మొనంత రంధ్రాలా? పక్కపక్కనే నిలబెట్టిన పొరలా?

"రంధ్రాలైతే?"

"పైనున్న తెల్లచెక్కనే తింటుంది. చాలా నిదానం. నీళ్ళు కారడం ఆపితే చచ్చిపోతుంది. లోపలి గట్టి చెక్క, మీ చేవ, మీకుంటుంది."

"పొరలైతే?"

"పై పెచ్చు ముట్టుకోదు. లోపల తింటుంది. ఎండినా చావదు, మళ్ళీ తడి తగలగానే లేస్తుంది. చూడ్డానికి దూలం దూలంలాగే ఉంటుంది, బలం మాత్రం ఉండదు. దీనికి అంటుకున్న చెక్క ముక్క ఏమైనా ఉందా? రంగు చూసినా చాలు."

"అదీ శుభ్రం చేశాను."

తల పట్టుకుంది. మొలకెత్తించి చూడాలంటే పది రోజులు పడుతుందట.

ఇక్కడ నా సంగతి దాచను. రెండింటిలో మొదటిదే అయ్యుంటుందని మనసులో అప్పుడే ఖాయం చేసేసుకున్నాను. "ప్రమాదం లేదని రాసివ్వు, పైన తారు పూయిస్తాను" అన్నాను.

"తెలియదు అని రాస్తాను. కావాలా?"

"తెలియదంటే ప్రమాదం లేనట్టేగా?"

"మీ అడితిలో లోపల డొల్లో కాదో తెలియని దుంగని గట్టిదని కొంటారా?"

కొనను. అప్పటికి పన్నెండున్నర. ఆ ఉదయమంతా షెడ్డు వైపు కరెంటు లేదు, రెండింటికి వస్తుంది. ఆడవాళ్ళు అప్పుడే పనిలోకి దిగుతారు. మరో పుట్టగొడుగు దొరికితే తప్ప మాకు దారి లేదు. తను చేతిసంచిలో ఒక అద్దం, టార్చి వేసుకుంది. నా స్కూటరు ఎక్కింది.

షెడ్డు దగ్గర ఆడవాళ్ళు అప్పటికే వచ్చి, మెషిన్ల ముందు కరెంటు కోసం కూర్చుని ఉన్నారు. చెల్లెలు బట్ట కత్తిరిస్తోంది. మమ్మల్ని చూసి కత్తెర ఆపలేదు. "ఏడింటికి సరుకు కోసం లారీ వస్తుంది. మీరిద్దరూ నిచ్చెన వేసుకుని పైన ఎంతసేపైనా ఆడుకోండి. కింద నా పనికి అడ్డం రాకండి."

లోపలి సీలింగుకీ పైకప్పుకీ మధ్య మనిషి పాకేంత సందు ఉంది. దూలాల మీదే బరువు ఆనిస్తూ పాకాం. నేను సుత్తితో ఒక్కో దూలాన్నీ తట్టాను. మొదటిది ఖంగుమంది. రెండోదీ అంతే. "చూశావా?" అన్నాను. మూడోదాన్ని మధ్యలో తడితే అదీ మంచి మోతే. గుమ్మం వైపు గోడ దగ్గరికి పాకాం. వాన గొట్టం గోడలోంచి దిగే చోట, దూలం చివర, మూడు పుట్టగొడుగులు ఒకదాని కింద ఒకటి.

నా చెయ్యి అలవాటుగా బాడిస మీదికి పోయింది.

"ముట్టుకోకండి!"

బోర్లా పడుకుని అద్దాన్ని వాటి కిందికి జరుపుతోంది. అంతలో కింద ఒక్కసారిగా మోత లేచింది. కరెంటు ముందే వచ్చేసింది. ఇరవై ఆరు మెషిన్లు. నా మోకాలి కింద దూలం సన్నగా వణికింది. దుమ్ము రాలింది.

"ఏం కనబడుతోంది?"

టార్చి కాస్త జరిపి మళ్ళీ చూసింది.

"చెప్పు తల్లీ!"

"పొరలు. అట్టలేని పుస్తకం అంచులాగ."

జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి దూలానికి ఆనించి నొక్కాను. గోరంత మందం గట్టిగా ఆగింది. తర్వాత పిడి దాకా దిగిపోయింది. నేను బలం పెట్టనేలేదు. బయటికి లాగితే గోధుమరంగు పొడి, అందులో చిన్న చిన్న చదరపు ముక్కలు. ముప్పై ఏళ్ళుగా కర్ర అమ్ముతున్నాను. అది కర్ర కాదు.

కిందికి ఎలా దిగానో గుర్తు లేదు. "అందరూ బయటికి నడవండి! మూడో దూలం పోయింది" అని అరిచాను.

చెల్లెలు మెషిన్ల మధ్యలోంచి వచ్చింది. "పోయిందని ఎవరు చెప్పారు? అమ్మిందీ నువ్వే, పోయిందనేదీ నువ్వేనా?"

"నేనే. అప్పుడు నాకు తెలిసింది చెప్పాను. ఇప్పుడు చూసింది చెబుతున్నా."

"రేపు చూద్దాం. ఇవాళ లారీ పంపనీ."

"రేపటి దాకా ఆగుతుందని నేను చెప్పలేను."

"అన్నయ్యా, ఈ పని పోతే మళ్ళీ రాదు. వీళ్ళకి నెలంతా పని ఉండదు!"

మోతలో మా ఇద్దరి మాటలూ సగమే వినబడుతున్నాయి. ఎవరూ మెషిను దగ్గర్నుంచి లేవలేదు. నేను గోడ దగ్గరికి వెళ్ళి మెయిన్ స్విచ్ దించేశాను.

ఒక్కసారిగా నిశ్శబ్దం. చెల్లెలు నా చొక్కా పట్టుకుంది. తిట్టడానికి నోరు తెరిచింది. అప్పుడు పైనుంచి చప్పుడైంది, వేలు విరిచినట్టు, చిన్నగా. దాన్ని విననివాళ్ళు లేరు.

చొక్కా వదిలేసి, "లేవండి. సంచులు వదిలేయండి. మొదట వెనక వరస వాళ్ళు!" అంది చెల్లెలు. ఆఖరి మనిషి గుమ్మం దాటేదాకా తను లోపలే నిలబడింది. తను వచ్చేదాకా నేను నిలబడ్డాను. మరదలు మా ఇద్దర్నీ కలిపి తిట్టి లాగింది.

మూడింటికి, అడితి నుంచి ఇనుప జాకీలు తెప్పిస్తుండగా, మూడో దూలం గోడలోంచి జారి కూలబడింది. సీలింగు పలకలు రెండు వరసల మెషిన్ల మీద పడ్డాయి. వీధిలో నిలబడి అందరం చూశాం.

తర్వాత నా అమ్మకాల పుస్తకం తిరగేశాను. ఆ దూలాలు వచ్చిన లోడులోని కర్ర ఇంకో తొమ్మిది కట్టడాలకి వెళ్ళింది. నిచ్చెన, అద్దం పట్టుకుని తొమ్మిదింటికీ వెళ్ళాను. ఇద్దరు తలుపు తీయలేదు. ఒకాయన, "అమ్మినవాడే వచ్చి బాగాలేదంటున్నాడు, ఇందులో ఏదో మెలిక ఉంది" అన్నాడు. రెండిళ్ళలో పొరలు కనబడ్డాయి. దూలాలు మార్చి ఇచ్చాను.

ఆఖరి లెక్క ఇది. పోయినవి: ఆరు దూలాలు, ఆ రెండిళ్ళకి మార్చి ఇచ్చినవి, చెల్లెలు లారీకి ఎక్కించాల్సిన సరుకు, ఆ ఆడవాళ్ళకి ఒక నెల పని. చెల్లెలు కొత్త కప్పుకి ఇనుప దూలాలు వేయించింది, అదీ ఎదుటి వీధి కొట్లో కొని. నన్ను అడగనైనా అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. వచ్చింది: ఇరవై ఆరుగురు, మా చెల్లెలు, అందరూ తమ కాళ్ళ మీద తాము నడిచి ఇళ్ళకి వెళ్ళారు.